పావు తిప్పు

ఆయన పాడె లేపేటప్పుడు ముందు ఎడమ భుజం నాది. లేపబోయే ముందు నేను వంగి, ఒక కన్ను మూసి, వెదురు పొడవునా చూశాను. నా వెనక నిలబడ్డవాడు మా పాటల బృందంలో డ్రమ్స్ వాయించేవాడు. వాడూ ఒక కన్ను మూశాడు.

"మధ్యలో కాస్త వంగింది," అన్నాడు నెమ్మదిగా.

"అవు. అన్న ఉంటే దీన్ని ఒప్పుకోకపోతుండె," అన్నాను.

జనవరి నెల. జనక్‌పురి వీధిలో పొగమంచు అప్పటికింకా విడలేదు. ఆయన బావమరిది కాకినాడ నుంచి బయల్దేరి, తెల్లవారుజాము విమానంలో ఢిల్లీలో దిగి నేరుగా వచ్చాడు. మా ఇద్దరినీ చూసి ఇది ఇక్కడి ఆచారం కాబోలు అనుకున్నాడేమో, ఆయనా భక్తిగా వంగి ఒక కన్ను మూశాడు. పురోహితుడు ఏమీ అనలేదు. ఢిల్లీలో పురోహితులు చాలా చూస్తారు.

ఆ చూపు మాకు ఆయన నుంచే అంటుకుంది. పొడవుగా ఉన్న ఏ వస్తువు చేతికి దొరికినా దాన్ని కంటి దగ్గర పెట్టుకుని, రెండో కన్ను మూసి, చివరిదాకా చూసేవారు. వాకింగ్ స్టిక్, క్రికెట్ బ్యాటు, కర్టెన్ రాడ్డు, చపాతీ కర్ర, ఏదైనా సరే. ఒకసారి మా జాయింట్ సెక్రటరీ తన కొడుక్కి కొన్న ఖరీదైన బ్యాటు ఆఫీసుకి తెచ్చి అందరికీ చూపిస్తుంటే ఈయన అందుకుని, చూసి, చాలా బాధగా తిరిగి ఇచ్చేశారు. ఏమిటని ఆయన అడిగితే, "ఏం లేదు సర్, ఎండాకాలం పోనివ్వండి, దానంతట అదే సర్దుకుంటుంది," అన్నారు. ఆ బ్యాటు మళ్ళీ ఆఫీసుకి రాలేదు.

అందరూ ఆయన్ని బేస్‌గారు అనేవారు. ఆర్.కె. పురం క్వార్టర్ గుమ్మం మీద అసలు పేరు తెల్ల పెయింటుతో రాసి ఉండేది కానీ ఎవరూ చదివినట్టు లేరు. పోస్ట్‌మాన్ కూడా "బేస్‌జీ" అనే పిలిచేవాడు. మేం కొంతమందిమి గవర్నమెంటు ఉద్యోగులం కలిసి ఒక బృందం పెట్టుకున్నాం. ఉగాదికీ దీపావళికీ ఊళ్ళో తెలుగువాళ్ళ సభల్లో పాత పాటలు వాయించేవాళ్ళం. నాది కీబోర్డు. ఆయనది బేస్ గిటార్. లావు తీగలతో పొడవాటి మెడ ఉన్న వాయిద్యం అది. జనానికి ఆ శబ్దం విడిగా వినిపించదు. లేకపోతే మాత్రం పాట గాల్లో తేలిపోతున్నట్టు ఉంటుంది.

ఆ మెడే ఆయన జీవితసమస్య. మెడ చెక్కతో చేసింది. లోపల దాని పొడవునా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. పైన తలకాయ దగ్గర చిన్న నట్టు, దాన్ని తిప్పడానికి వంకర తిరిగిన చిన్న చాబీ. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ముందుకు వంగుతుంది, తీగలు ఎత్తు లేస్తాయి, వేళ్ళు నొప్పి పుడతాయి. ఎండిన గాలికి మెడ వెనక్కి పోతుంది, తీగ మెడ మీది లోహపు మెట్లకి తగిలి జర్రుమంటుంది. అప్పుడు ఆ నట్టుని కొంచెం తిప్పాలి. ఎటు తిప్పాలి, ఎంత తిప్పాలి, ఏడాదికి ఎన్నిసార్లు తిప్పాలి అన్నది ఎవరైనా అడిగితే ఆయన ముఖం వెలిగిపోయేది.

"రెండుసార్లు," అనేవారు. "కూలర్ కడిగి ఖస్ గడ్డి మార్చిన రోజున ఒకసారి, చలికి రజాయిలు తీసి ఎండలో వేసిన రోజున ఒకసారి. పావు తిప్పు. అంతకు మించి ముట్టుకోకూడదు. ఋతువు మారగానే ఎగబడకూడదు. చెక్క ఒక నిర్ణయానికి వచ్చేదాకా ఆగాలి."

ఇది ఆయన లోకానికి చెప్పే మాట. తను మాత్రం రోజూ పొద్దున్న స్నానం చేసి, దేవుడికి దండం పెట్టి, గిటార్ ఒళ్ళో పెట్టుకుని ఒక కన్ను మూసేవారు. పావు తిప్పు అటో ఇటో తిప్పేవారు. తర్వాత ఇడ్లీ తినేవారు.

"రోజూ ఎందుకన్నా, రెండుసార్లే అంటివి కద?" అని నేను ఒకసారి అడిగాను.

"అది ఊళ్ళో గిటార్లకి తమ్ముడూ. దీని సంగతి వేరు. ఇది ఢిల్లీ వచ్చాక దీనికి నిలకడ పోయింది."

ఆ ఇంట్లో ఏసీ ఉన్న గది గిటార్‌ది. మే నెలలో వడగాడ్పులప్పుడు సబ్బుపెట్టెలో తడి స్పాంజి పెట్టి గిటార్ పెట్టెలో ఉంచేవారు. ఆగస్టులో ఆ స్పాంజి తీసేసి, చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు పరిచేవారు. కాలనీలో ఎవరు కొత్త చెప్పులు కొన్నా పొట్లం బేస్‌గారికి పంపాలన్నది అందరికీ తెలుసు. పంజాబీ ఆంటీలు సైతం మెట్ల మీద ఎదురైతే, "బేస్‌జీ, ఆప్ కీ పుడియా," అని చేతిలో పెట్టి వెళ్ళేవారు. చలికాలం హీటర్ పెట్టినప్పుడు పక్కన బకెట్టు నీళ్ళు. చుట్టాలు వస్తే హాల్లో పడుకునేవారు. వదిన, అంటే ఆయన భార్య, వాళ్ళకి దుప్పట్లు ఇస్తూ, "లోపల మా పెద్దాడు పడుకున్నాడండీ," అనేది. వాళ్ళకి పిల్లలు లేరు. కొత్తవాళ్ళు నిజమనుకుని నెమ్మదిగా మాట్లాడేవారు.

ఒక జూలైలో మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు ఆయన నట్టు తిప్పుతుంటే లోపల టిక్కుమని చప్పుడైంది. అంతే. ఆఫీసుకి సెలవు పెట్టారు. కారణం దగ్గర, 'కుటుంబంలో అనారోగ్యం' అని రాశారు. అబద్ధం రాసే మనిషి కాదు. ఆ మాట ఆయన దృష్టిలో నిజమే.

మా డైరెక్టర్ లక్నో మనిషి, మర్యాద తెలిసినవాడు. సాయంత్రం ఆపిల్స్, కొబ్బరిబోండాలు పట్టుకుని, నన్నూ ఇంకో ఇద్దరినీ వెంటబెట్టుకుని పరామర్శకి బయల్దేరాడు. నేను దారిలో ఫోన్ చేశాను. వదిన ఎత్తింది.

"వదినా, డైరెక్టర్ సాబ్ వస్తుండు. ఇంట్ల ఎవరికో బాగలేదని రాసిండట అన్న."

అటువైపు గరిటె కింద పెట్టిన చప్పుడైంది.

"ఎవరికట?"

"అది రాయలె."

"సరే, తీసుకురా," అంది.

మేం వెళ్ళేసరికి వదిన జూలై ఉక్కలో మెడ దాకా రజాయి కప్పుకుని మంచం మీద పడుకుని ఉంది. నుదుటి మీద తడిగుడ్డ. డైరెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "క్యా హువా భాభీజీ?" అని అడిగాడు.

వదిన నోరు విప్పేలోపే బేస్‌గారు పక్క గదిలోంచి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మెడ సర్," అన్నారు హిందీలో. "రాత్రి వానకి ముందుకి వంగిపోయింది. పొద్దున్న నేనే తిప్పాను. టిక్కుమంది."

డైరెక్టర్ కొబ్బరిబోండం కింద పెట్టేశాడు. "ఆప్‌నే ఘుమాయా?" అన్నాడు. మీరే తిప్పారా అని.

"రోజూ నేనే తిప్పుతాను సర్."

రజాయి కింద వదిన దేహం కదిలింది. నవ్వుతోందని నాకు అర్థమైంది. డైరెక్టర్‌కి నొప్పితో వణుకుతోందనిపించింది. ఆయన లేచి, ఈయన భుజం మీద చెయ్యి వేసి, పెళ్ళాం మెడ భర్త తిప్పకూడదనీ, దానికి డాక్టర్లు ఉంటారనీ చాలా సౌమ్యంగా చెప్పాడు. ఈయన శ్రద్ధగా విని, "దర్యాగంజ్‌లో ఒకతను ఉన్నాడు సర్, రేపు పెట్టెలో పెట్టి తీసుకెళ్తాను," అన్నారు. నేను అందరినీ టీ తాగకుండానే బయటికి తీసుకొచ్చేశాను.

దర్యాగంజ్‌లో వాయిద్యాలు బాగుచేసే భయ్యా నట్టు చూసి, ఏమీ కాలేదనీ, తుప్పు వదిలిన చప్పుడనీ చెప్పాడట. ఇకమీదట దీన్ని ముట్టుకోవద్దని కూడా చెప్పాడట. ఈయన సరేనన్నారు. మర్నాడు పొద్దున్న మళ్ళీ పావు తిప్పు.

ఇంకోటి, ఒక ఉగాది సభ సంగతి. ఏప్రిల్ ఎండలు అప్పటికే మండుతున్నాయి. నిర్వాహకులు స్టేజీ పక్కన పెద్ద కూలర్ తెచ్చి పెట్టారు, తడిగాలి నేరుగా ఆయన మీదికి. రెండో పాట సగంలో ఆయన వాయించడం ఆపేసి చెయ్యెత్తారు. పాట ఆగిపోయింది. మైకు దగ్గరికి వచ్చి, "దయచేసి ఆ కూలర్ ఆపించండి. మెడ పట్టు తప్పుతోంది," అన్నారు.

ముందు వరసలో ఎముకల డాక్టర్ ఒకాయన ఉన్నాడు. తెలుగువాళ్ళ సభలో డాక్టర్ లేని ముందు వరస ఉండదు. ఆయన చెప్పులు విడిచి స్టేజీ ఎక్కి, బేస్‌గారి గడ్డం ఒక చేత్తో, వెనక తల ఒక చేత్తో పట్టుకున్నాడు.

"కదలకండి. ఎప్పట్నుంచి?"

"మొదటి పాట నుంచీనండీ. కానీ అది నా..."

"మాట్లాడకండి. దవడ కదిలితే మెడ మీద భారం పడుతుంది."

సభలో ఎవరో ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి నొప్పుల మందు తీసి ముందుకి అందించింది. అది చేతులు మారి మారి స్టేజీ దాకా వచ్చింది. డాక్టర్ ఆయన కాలరు దించి, మెడకి దట్టంగా రాసి, చలిగాలి అసలు తగలకూడదని కూలర్ ఆపించేశాడు. మిగతా కార్యక్రమం అంతా హాలు చెమటలు కక్కింది. ముఖ్య అతిథి పంచె అంచుతో మొహం తుడుచుకుంటూనే ఉన్నారు. బేస్‌గారు మాత్రం కర్పూరం వాసన వేస్తూ, తీగల మీద వేళ్ళు హాయిగా కదులుతుంటే, నేను అంతకుముందెప్పుడూ విననంత బాగా వాయించారు.

ఆ తర్వాత ఏ ఫంక్షన్‌లో కలిసినా జనం ఆగి, "మెడ ఎలా ఉందండీ?" అని అడిగేవారు. ఆయన ఆ ప్రశ్నని ఎప్పుడూ తన గిటార్ మీద ప్రేమగానే తీసుకున్నారు. "ఈ శీతాకాలం కాస్త వెనక్కి పోయిందండీ. నట్టు వదులు చేశాను," అని చెప్పేవారు. వాళ్ళు ఒకడుగు వెనక్కి వేసేవారు.

ఇంత పిచ్చి ఎందుకని నేను అడగలేదు. ఆయనే చెప్పారు ఒక మధ్యాహ్నం, ఆఫీసు లాన్‌లో వేరుశనక్కాయలు తింటూ. ఆయన తయారుచేసిన నోట్ ఒకటి పైకి వెళ్ళి, ముగ్గురి చేతుల్లో మూడు రకాలుగా మారి, చివరికి మొదట వద్దన్నదాన్నే సిఫారసు చేస్తూ ఆయన సంతకంతోనే తిరిగి వచ్చిన రోజది.

"ఇన్నేళ్ళ సర్వీసులో నేను ఒక్క కామా పెడితే నిలబడలేదు తమ్ముడూ," అన్నారు. కోపంగా కాదు, వాతావరణం చెప్పినట్టు. "ఇంటికెళ్ళి ఆ నట్టు పావు తిప్పితే మెడ ఒప్పుకుంటుంది చూడు, అప్పుడు మనిషిననిపిస్తుంది. ఈ ప్రపంచంలో నేను తిప్పితే తిరిగేది అదొక్కటే."

ఇంకో కాయ ఒలిచి, గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పారు.

"అదీ పూర్తిగా కాదులే. పొద్దున్న సరిచేస్తాను. సాయంత్రం వచ్చి చూస్తే మళ్ళీ మొదటికొచ్చి ఉంటుంది. రోజూ. చెక్కకి జ్ఞాపకశక్తి ఉంది. తను ఎక్కడ ఉండాలనుకుందో అక్కడికి పోతుంది. మొండిఘటం."

ఈ జ్ఞాపకశక్తి సిద్ధాంతం మీద ఆయన చాలా శ్రమపడ్డారు. ఫరీదాబాద్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు పక్కింటి వడ్రంగిని కూర్చోబెట్టి గంటసేపు ప్రశ్నలు వేశారు. ఆ మనిషి అన్నిటికీ "అచ్ఛా, అచ్ఛా" అని, చివరికి మంచం ఏమైనా చేయించుకుంటారా అని అడిగాడు. బృందంలో మేం నలుగురం ఆ సిద్ధాంతాన్ని నమ్మాం. నేను కొంతమంది గిటార్ వాయించే కుర్రాళ్ళకి కూడా గట్టిగా చెప్పాను, మంచి చెక్క అయితే తిప్పినా వెనక్కి వస్తుందని.

రిటైరయ్యాక ఆ క్వార్టర్ వదిలి జనక్‌పురిలో చిన్న ఫ్లాట్ తీసుకున్నారు. ఏ ముఖంగా ఉంది, నీళ్ళు వస్తాయా అని అడగలేదట. గోడలకి చెమ్మ పడుతుందా అని ఒక్కటే అడిగారట. అక్కడా అదే వరస. ఈ జనవరిలో నాలుగు రోజుల జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి, ఆయన పోయారు. ఆసుపత్రిలో నేను ఉన్నాను. గదిలో తేమ ఎంత ఉందని నర్సుని అడిగారు. ఆమె ఆక్సిజన్ సంగతి అనుకుని, బాగానే ఉంది అంకుల్ అంది. ఆయన తృప్తిపడ్డారు.

తర్వాత నేను వదిన దగ్గరికి నెలకోసారి వెళ్తూనే ఉన్నాను. గిటార్ మాట ఇద్దరం ఎత్తలేదు. జూలైలో వానలు మొదలైన వారానికి ఆవిడే ఫోన్ చేసింది. "కాస్త వచ్చి వెళ్ళగలవా? ఒక విషయం తేలడం లేదు," అంది.

వెళ్ళాను. గిటార్ పెట్టె మంచం మీద తెరిచి ఉంది. చాబీ పక్కన ఉంది. వదిన పెట్టె అవతల కూర్చుంది.

"ఇది నీకు చెప్పొచ్చో లేదో నాకు తెలియదు," అంది. "ఆరోజు టిక్కుమందే, నేను రజాయి కప్పుకున్న రోజు. దర్యాగంజ్ నేనూ వెళ్ళాను మీ అన్నయ్యతో. ఆ భయ్యా నన్ను పక్కకి పిలిచి, ఈయన ఇలాగే రోజూ తిప్పితే ఏదో ఒకరోజు లోపల కడ్డీ తెగిపోతుంది దీదీ, అన్నాడు. అది తెగితే ఈయన ఏమవుతారో నాకు తెలుసు. అందుకని ఆ మర్నాటి నుంచీ ఆయన ఆఫీసుకి వెళ్ళగానే నేను వెనక్కి తిప్పేసేదాన్ని."

నేను ఆవిడ చేతుల వైపు చూశాను.

"రోజూనా?"

"రోజూ. ఇడ్లీ పెట్టేటప్పుడు వంటింటి గుమ్మంలోంచి ఆయన చెయ్యి చూసేదాన్ని. మణికట్టు ఎటు తిరిగిందో, ఎంత తిరిగిందో. ఆయన వెళ్ళాక అంతే ఇటు తిప్పేదాన్ని. రిటైరయ్యాక కష్టమైంది. ఆయన కూరగాయలకి వెళ్ళినప్పుడు చేసేదాన్ని. లేకపోతే కొత్తిమీర లేదని పంపేదాన్ని. ఫ్రిజ్ నిండా కొత్తిమీరే ఉండేది."

"అన్నకు తెల్వదా వదినా?"

"ఎలా తెలుస్తుంది? చాబీ ఎక్కడ పెట్టాను అని రోజూ నన్నే అడిగేవారు."

నేను పెట్టెలోకి చూశాను. ఆ గిటార్ అన్నేళ్ళూ ఉన్నచోటే ఉంది. ఎండలొచ్చాయి, వానలొచ్చాయి, పొగమంచు వచ్చింది, ఆయన తిప్పారు, ఈవిడ తిప్పింది, అది మాత్రం కదల్లేదు. దాని మీద మేం కట్టిన సిద్ధాంతం తలుచుకుంటే నవ్వొచ్చింది. వదిన మొహం చూసి ఆపుకున్నాను.

"ఇప్పుడు సమస్య అది కాదు," అంది. "వానలొచ్చాయి. మెడ వంగుతుంది కదా. ఏదో ఒకటి చెయ్యాలి కదా. నాకు వెనక్కి తిప్పడం ఒక్కటే తెలుసు. ఆయన తిప్పితే కదా వెనక్కి ఎటో తెలిసేది. వారం రోజుల నుంచి పొద్దున్నే పెట్టె తెరిచి, చాబీ పట్టుకుని కూర్చుంటున్నాను. ఎటు వెనక్కో తెలియడం లేదు."

నేను గిటార్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక కన్ను మూసి మెడ పొడవునా చూశాను. తీగల కింద సన్నటి వెలుగు ఎంత ఉండాలో అంతే ఉంది. జనవరి నుంచీ ఎవరూ ముట్టుకోలేదు, బాగానే ఉంది. లావు తీగ మీటాను. దాని మోత చెవిలో కన్నా మంచం మీద ఎక్కువగా తెలిసింది. వదిన పాదాలు దగ్గరికి లాక్కుంది.

"ఏం చెయ్యనక్కర్లేదు వదినా. మంచిగనే ఉన్నది."

బయట వాన పెద్దదైంది. కింద ఎవరో తడిసిన బట్టలు తీస్తూ పిల్లల్ని కేకేస్తున్నారు.

"బాగుంటే ఎలా?" అంది చివరికి.

చెయ్యి చాచి గిటార్ తన వైపు తిప్పుకుంది. చాబీ నట్టులో పెట్టింది. ఆ పని ఎన్నేళ్ళుగానో చేసిన చెయ్యి. చూడకుండానే సరిగ్గా కూర్చుంది. ఎటువైపో ఆలోచించినట్టు ఒక్క క్షణం ఆగి, పావు తిప్పు తిప్పింది. తర్వాత చాబీ తీసి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"రేపు మధ్యాహ్నం వచ్చి వెనక్కి తిప్పి వెళ్ళు. నేను ఇంట్లో ఉండను, గుడికి వెళ్తాను. ఇంటి తాళంచెవి పక్కింటి ఆంటీ దగ్గర ఉంటుంది," అంది.

మర్నాడు వెళ్ళాను.